చీటీ లేనివాళ్ల బస్సు స్టాపు

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వంలో పనిచేశాను. అంత సర్వీసులో నా అంతట నేను తీసుకున్న ప్రభుత్వ నిర్ణయాలు రెండే: తలుపు తెరవడం, తలుపు మూయడం. ఆ రెండింట్లోనూ తెరవాల్సినప్పుడు మూసి, మూయాల్సినప్పుడు తెరిచి తిట్లు తిన్న రోజులే ఎక్కువ. ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా నా మొహమే కనబడితే అయ్యవారు ఉద్యోగం మానేస్తాడేమోనని జాలిపడి నేనే మానేశాను. కాబట్టి ఈ రాతలో ఎక్కడైనా పెద్ద మాట తగిలితే అది నాది కాదు, తలుపు సందులోంచి విన్నది అనుకోండి.

మా చిత్తూరు జిల్లా ముక్కలు కాకముందు, తిరుపతి కూడా మాతోనే కలిసి ఉన్న రోజుల్లో, ఒక మామిడి కాలం మొదట్లో నన్ను కలెక్టరు చాంబరు ముందు దఫేదారుగా వేశారు. రిటైరు కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. దఫేదారంటే ఆఫీసులోని అటెండర్లందరిలోకీ పెద్ద. తెల్ల బట్టలు, భుజం మీదుగా ఎర్ర డవాలీ పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళను మా ఆవిడ ప్రతి ఆదివారం చింతపండు పెట్టి తోమేది. “నీ మీద మెరిసేది ఇదొక్కటే కదా, దీన్నన్నా మెరవనీ” అనేది.

దఫేదారు పని చెప్పడానికి చాలా చిన్నది. కలెక్టరును చూడవచ్చినవాళ్లు పేరు, ఊరు, వచ్చిన పని ఒక చీటీ మీద రాసి ఇస్తారు. ఆ చీటీలను పేర్చి లోపలికి తీసుకుపోయి, టేబులు మీద గాజు గుండు కింద పెట్టాలి. ఏ చీటీ పైన ఉంటే ఆ మనిషి ముందు లోపలికి పోతాడు. చీటీలు ఎవరు పేర్చాలి, ఏ వరుసలో పేర్చాలి అని ఏ నియమాల పుస్తకంలోనూ లేదు. లేదంటే ఏమిటి? నా ఇష్టమని. ఈ లెక్కన జిల్లాలో నాకు పైన ఉన్నది కలెక్టరొక్కరే అని నాకు నేను చెప్పుకునేవాణ్ని. పైకి అనలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చే వర్గాలు అని ఒక పాఠం ఉందట కాలేజీల్లో. నేను చదవలేదు. ఆ పాఠమే రోజూ పది గంటలకు వచ్చి, వరండాలో చెప్పులు విడిచి, నా బెంచీ మీద కూర్చునేది.

చీటీని బట్టి మనిషిని చెప్పగలిగేవాణ్ని. కొందరు చీటీ రాయరు. దళసరి కార్డు ఇస్తారు, బంగారు రంగు అక్షరాలతో. ఫ్యాక్టరీ యజమానుల సంఘం, పెద్ద వ్యాపారుల సంఘం ఈ రకం. నిజానికి వాళ్లకు ఆ కార్డు కూడా దండగే. మనిషి మెట్లెక్కే లోపలే అతని గురించి పైనుంచి ఫోను వచ్చి ఉంటుంది. వాళ్లు బెంచీ మీద కూర్చోరు. సి.సి. గారి గదిలో, అంటే కలెక్టరు వెంట ఉండే క్యాంపు క్లర్కు గదిలో, మెత్తటి కుర్చీల్లో కూర్చుంటారు. గొంతు పెంచరు. గొంతు పెంచే అవసరం లేనివాడే అసలు గట్టివాడని ఆ గదిని చూసే తెలుసుకున్నాను.

రైతు సంఘంవాళ్లు రబ్బరు స్టాంపు కొట్టిన లెటరుహెడ్డు ఇస్తారు. ఇచ్చి, లోపలికి పిలిచేలోగా పోయి రోడ్డు మీద కూర్చుంటారు. కాలాన్ని బట్టి మా గేటు ముందు టమాటాలో, మామిడికాయలో కుప్ప పడేవి. ఈరోజు ఎవరికి కోపం వచ్చిందో నేను కళ్లు మూసుకుని వాసనతో చెప్పేవాణ్ని. ఆటో యూనియనువాళ్లు చీటీతోపాటు ఆటోలు కూడా తెచ్చి కాంపౌండు చుట్టూ నిలిపేవాళ్లు. కుల సంఘాలవాళ్లు శాలువా కప్పి, చేతిలో నిమ్మకాయ పెట్టి, ఫోటో దిగి, ఆఖర్న భవనానికి స్థలం అడిగేవాళ్లు. ఇంకో రకం ఉంది, మాతో ఏమీ మాట్లాడరు, నేరుగా కోర్టుకు పోతారు. వాళ్ల నోటీసు వస్తే లోపల కలెక్టరే లేచి నిలబడి ఫైలు వెతుక్కోవాలి.

మేమూ తక్కువ తినలేదు. మా అటెండర్ల సంఘం ఒకసారి రెయిన్‌కోట్ల కోసం నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని పోరాడి గెలిచింది. చిత్తూరులో, నడివేసవిలో. నాకొచ్చిన కోటు ఇప్పటికీ మడత విప్పలేదు.

ఇక చీటీ లేనివాళ్లు. వాళ్లకోసం సోమవారం పెట్టారు. ఆ రోజు గ్రీవెన్సు. ఎవరైనా రావచ్చు, వరుసలో నిలబడి అర్జీ ఇవ్వచ్చు. అర్జీకి నంబరు వేస్తారు, రసీదు ఇస్తారు, ఏ శాఖ పని అయితే ఆ శాఖకు పంపుతారు. వరుస సరిచేయడం నా పని.

అట్లాంటి ఒక సోమవారం పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చారు. ముందు నిలబడిన మనిషి చెంగమ్మ. నలభై దాటి ఉంటాయి. బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పని. సొన తగిలి తగిలి వేళ్ల కొనలు నల్లబడి ఉన్నాయి. ఆమె పక్కన షంషాద్ అనే చిన్నావిడ, కుడి చేతికి కట్టు, ఆ చేతిని మోస్తూ మెడకు కట్టిన చున్నీ.

ఏం పనిమీద వచ్చారని అడిగాను.

“బస్సు మా ఫ్యాక్టరీ గేటు ముందర్నే పోతాదన్నా” అంది చెంగమ్మ. “మేము కిటికీలోంచి గేటును సూస్తాం, గేటు మమ్మల్ని సూస్తాది. నిలిపేది మాత్రం లేదు.”

సంగతి ఇది. పల్లెల నుంచి తెల్లవారే వచ్చే పల్లెవెలుగు బస్సు ఫ్యాక్టరీని దాటి బంగారుపాళ్యం బస్టాండులోనే ఆగుతుంది. అక్కడినుంచి వెనక్కి నడిస్తే గంట. షిఫ్టు ఆరుకు. అందుకని కొన్నాళ్లు చూసి, అందరూ ఇప్పుడు గేటుకు ముందే వచ్చే హైవే క్రాసు దగ్గర దిగి షేరు ఆటో ఎక్కుతారు. ఒక్కో ఆటోలో పదిహేను మంది, నాలుగు కాళ్లు బయట. ముందు వారం మలుపులో ఆటో ఒరిగితే అంచున కూర్చున్న షంషాద్ రోడ్డు మీద పడింది. వెనక వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి చేతితో పోయింది. బస్సు గేటు దగ్గర ఆగితే ఆటో ఎక్కే పనే లేదు. వాళ్లు అడిగేది అదొక్కటే. అదీ మామిడి కాలం అయిపోయేలోగా.

“పండు ఉండేది రెండు నెలలన్నా. తరవాత స్టాపు ఇస్తే యాడ దిగేదానికి, కాకులు దిగాల్నా?” అంది చెంగమ్మ.

నా నోరు ఊరుకోదు కదా. “బస్సు నిలవాలంటే చెయ్యెత్తాల చెంగమ్మా. ఎత్తినారా?” అన్నాను.

షంషాద్ కట్టు చూపించింది. “ఎత్తే చెయ్యే ఇరిగిపాయ భయ్యా. ఇంగ ఏది ఎత్తమంటావు?”

వరుసలో ఉన్న జనమంతా నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఆ నవ్వు నా మీదేనని కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి పెద్దమనిషినై సలహా ఇచ్చాను. పద్ధతి ప్రకారం అర్జీ ఇవ్వండి, రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి, వచ్చే సోమవారం రండి, గొడవలకు పోవద్దు, ప్రభుత్వంలో పద్ధతిగా పోయినవాళ్లకే పని జరుగుతుంది అని. నేను ఆ మాట నమ్మే చెప్పాను. ముప్పై ఏళ్లు గడప దగ్గరే నిలబడినవాడికి ఇల్లంతా తెలుసనే భ్రమ ఉంటుంది.

రెండో సోమవారం జవాబు వచ్చింది. సర్వీసు రోడ్డు ఖాళీగా లేనందున బస్సు నిలుపుట వీలుపడదని డిపోవారు రాశారు. సర్వీసు రోడ్డంటే హైవే పక్కనే, ఫ్యాక్టరీ గేటు ముందుగా పోయే చిన్న రోడ్డు. హైవే మీద బస్సు నిలపకూడదు, నిలిపితే ఆ చిన్న రోడ్డులోనే నిలపాలి. అక్కడేమో మామిడికాయల ట్రాక్టర్లు, లారీలు తమ వంతు కోసం బారులు తీరి ఉంటాయి. అయితే ఆ బండ్లను తీయించండని మళ్లీ అర్జీ. మూడో సోమవారం దానికీ జవాబు వచ్చింది: బండ్ల విషయం ఫ్యాక్టరీవారితో సంప్రదించవలెను. ఫ్యాక్టరీవాళ్లను అంతకుముందే అడిగితే, బస్సు స్టాపు మా పని కాదు, ప్రభుత్వం పని అన్నారట. ఆ సంగతి రాసి మూడో అర్జీ ఇచ్చారు.

అర్జీ చుట్టూ తిరిగి మళ్లీ చెంగమ్మ చేతిలోకే వచ్చింది. సోమవారం వచ్చిన ప్రతిసారీ ఆ పన్నెండు మందికీ ఒకరోజు పని పోయింది. ఆ సోమవారం షంషాద్ రాలేదు. ఇంకో చెయ్యి విరగక ముందే పని మానుకోమని ఇంట్లోవాళ్లు కూర్చోబెట్టారట. మిగతా వాళ్ల ఇళ్లలోనూ అదే మాట నడుస్తోందని చెంగమ్మ చెప్పింది.

బెంచీ చివర కూర్చుని ఆమె మూడు రసీదులూ ఒడిలో పేర్చుకుంది, నేను చీటీలు పేర్చినట్టే. నాకు ఏం చెప్పాలో తోచనప్పుడు నేను జోకు వేస్తాను. అది జబ్బు.

“కలెక్టరుకు రెండు చెవులుంటాయి చెంగమ్మా” అన్నాను. “ఒక చెవి ఫోను, ఇంకో చెవి రోడ్డు. నీకు ఫోను చేసేవాడు లేడు. రోడ్డు మీద కూసుంటే పోలీసోళ్లు ఎత్తి పక్కన పెడతారు. ఫోనూ రోడ్డూ యాడన్నా బాడుగకు దొరుకుతాయేమో సూసుకో.”

ఆమె నవ్వలేదు. “ఫోను చేసేదెవురు?” అంది.

“మీ ఫ్యాక్టరీ ఓనర్లే. వాళ్ల సంఘం అధ్యక్షుడు తుమ్మితే ఈడ ఫోను మోగుతాది.”

“రోడ్డు మీద కూసునేది?”

“మామిడి రైతులు.”

“ఆ ఇద్దరికీ ఒగే పొద్దు కోపం ఎప్పుడొస్తాది?”

“ఎప్పుడేంది? కాయ మాగిపోయి పనికిరాకుండా పోతే వస్తాది.”

ఆమె రసీదులు కొంగున ముడేసుకుని లేచింది. “సరే అన్నా” అంది. ఎప్పుడూ నా జోకుకు ఎవరో ఒకరు నవ్వుతారు, లేదా తిడతారు. సరే అన్నవాళ్లు ఆమెకు ముందు లేరు.

మర్నాటి నుంచి ఫ్యాక్టరీలో జరిగింది నాకు తర్వాత తెలిసింది. మీకు ముందే చెప్పేస్తాను, ఊరించడం నాకు చేతకాదు. ఆ షిఫ్టు ఆడవాళ్లంతా ఆటో ఎక్కడం మానేశారు. బస్సులో బస్టాండు దాకా పోయి, దిగి, నడిచి వచ్చారు. ఆరు గంటల షిఫ్టుకు ఏడు దాటి చేరారు. సూపర్‌వైజరు ఎగిరిపడ్డాడు. రేపటి నుంచి రావద్దు పొమ్మన్నాడు. చెంగమ్మ “సరే సార్, కత్తులు యాడ పెట్టేది?” అని అడిగింది. నడి సీజను. ఆ రోడ్డు పొడుగునా ఉన్న ఫ్యాక్టరీలన్నీ కత్తి పట్టే చేతుల కోసం ఊళ్లమీద పడి వెతుకుతున్న కాలం. సూపర్‌వైజరు తన మాట తానే మింగి, లోపలికి పొమ్మన్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సమ్మె లేదు, నినాదం లేదు, జెండా లేదు. ఒక గంట ఆలస్యం, అంతే.

ఆ ఒక్క గంటలో కోయాల్సిన కాయ కోయకుండా మిగిలిపోయేది. అది మిగిలితే బయట ట్రాక్టరు దిగదు. ఒక ట్రాక్టరు దిగకపోతే వెనక వచ్చింది నిలుస్తుంది. రోజుకు గంట చొప్పున వెనకబడి, బండ్ల బారు సర్వీసు రోడ్డు నిండి హైవే దాకా పాకింది. తోతాపురి కాస్త మొండి కాయే, కానీ టార్పాలిను కింద రెండు రోజులు ఎండలో ఉడికితే అదీ నీళ్లు కారుస్తుంది.

గురువారం పొద్దున నేను డవాలీ సర్దుకుంటుండగానే వాసన వచ్చింది. రైతు సంఘం పెద్దాయన నాలుగు గంపల మెత్తబడిన కాయలు మా మెట్ల మీద గుమ్మరించి, వాటి పక్కనే కూర్చున్నాడు. “లెటరుహెడ్డు ఏదప్పా?” అన్నాను. “ఈపొద్దు కాయే నా లెటరుహెడ్డు. మేడమ్ టేబుల్ మీద పెట్టుపో” అన్నాడు. అప్పటికే సి.సి. గారి గదిలో ఫోను మోగుతోంది. పైనుంచి ఒకటి, ఇంకా పైనుంచి ఒకటి. యజమానుల సంఘం అధ్యక్షుడు, చెంగమ్మవాళ్ల ఫ్యాక్టరీ ఆయనదే, కార్డు కూడా ఇవ్వకుండా చెమటలతో మెట్లెక్కాడు. మెత్తటి కుర్చీలో కూర్చోలేదు. ఆయన నిలబడి ఉండగా చూడటం నాకు అదే మొదలు.

పది నిమిషాలకు ఆటోలు వచ్చాయి. యూనియను ప్రెసిడెంటు బాషా చాలా ఏళ్లుగా తెలిసినవాడు, నాకంటే నోరు ఎక్కువ. “మునిరత్నమన్నా, మా పాసింజర్లను ఎవురో చెడగొడతా ఉండారు. ఆడోళ్లు నడిసి పోతా ఉండారు. నడిసేది సట్టం కాదని మేడమ్‌కు చెప్పాల” అన్నాడు. నడవడం నేరమా అని అడిగితే, మా బండి ఖాళీగా ఉండగా నడిస్తే నేరమే అన్నాడు.

ఎవరూ చీటీ రాయలేదు కాబట్టి పేర్లు నేనే రాశాను, అన్ని చీటీలూ ఒకేసారి నా చేతిలో పడ్డాయి. ఏది పైన పెట్టాలి? ఆ వరుసలో లేని చీటీ ఒకటుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. మూడు సోమవారాల అర్జీల ఫైలు సెక్షనులో ఉంది. పోయి తెచ్చాను. అడగకుండా ఫైలు తేవడం దఫేదారు పని కాదు. కానీ చీటీలన్నిటికీ అడుగున ఏదో ఒక అట్ట ఉండాలి కదా. ఫైలు అడుగున, చీటీలు పైన పెట్టి లోపలికి తీసుకుపోయాను.

అప్పటి కలెక్టరు మేడమ్ తక్కువ మాట్లాడే మనిషి. చీటీలు చూసింది, పక్కన పెట్టింది, అట్టను విప్పింది. మూడు అర్జీలూ చదివింది. అధ్యక్షుడిని, రైతు పెద్దాయనను, బాషాను ముగ్గురినీ కలిపి పిలిచింది. రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. డిపో అధికారి, పోలీసు, రవాణా, హైవే వాళ్లు అందులో సభ్యులు. మామూలుగా అయితే నెలకోసారి కూర్చునే కమిటీని ఆ మధ్యాహ్నం మూడింటికే రమ్మని మేడమ్ అందరికీ కబురు పంపింది. అర్జీ ఇచ్చినవాళ్లు ఎక్కడున్నారని నన్ను అడిగింది.

“మూడు సోమవారాలు ఈడే ఉండిరి మేడమ్. ఈరోజు పనిలో ఉండారు” అన్నాను.

అధ్యక్షుడు వెంటనే తన కారు పంపిస్తానన్నాడు. ఆయన తొందర ఆయనది. ప్రతి గంటకూ కొంత పండు నీళ్లవుతోంది.

రెండున్నరకు ఆ నల్ల కారు వచ్చి పోర్టికోలో ఆగింది. అది మంత్రులూ జడ్జీలూ దిగే చోటు. వెనక సీట్లోంచి చెంగమ్మ దిగింది, చీరకు మామిడి మరకలతో. దారిలో ఆపి షంషాద్‌ను కూడా ఎక్కించుకుని వచ్చింది. కారు తలుపు నేనే తీశాను. అలవాటు కొద్దీ, “చీటీ ఉండాదా చెంగమ్మా?” అన్నాను.

“కారు ఉండాది” అంది.

ఆమెను మెత్తటి కుర్చీలోనే కూర్చోబెట్టాను. ఏసీ చలికి కొంగు కప్పుకుంది. అది తప్ప ఏ తేడా కనబడలేదు.

మీటింగులో నీళ్ల గ్లాసులు సర్దే మిషతో నేను లోపలే ఉన్నాను. అధ్యక్షుడు ముందు మాట్లాడాడు. కూలీలు చెప్పాపెట్టకుండా సమ్మె చేస్తున్నారని, వెనక ఎవరో ఉన్నారని. చెంగమ్మ లేచి నిలబడింది. “సమ్మె యాడ చేసినాం సార్? రోజూ వస్తానే ఉండాం. బస్సు యాడ నిలిపితే ఆడ దిగతాం, ఆడినుంచి నడుస్తాం. మా కాళ్లకు వచ్చినంత బిరీన్నే నడుస్తా ఉండాం” అంది. ఆటోలో ఎందుకు రావడం లేదని రవాణా అధికారి అడిగాడు. జవాబుగా షంషాద్ కట్టున్న చేతిని టేబులు మీద పెట్టింది.

తర్వాత నడిచినదంతా నేను టీ కప్పులు పంచి మళ్లీ తీసుకునేలోగా అయిపోయింది. సర్వీసు రోడ్డు ఖాళీగా ఉంటే బస్సు నిలపడానికి మాకేం అభ్యంతరం లేదని డిపో అధికారి చెప్పాడు. ఖాళీ చేయించే పని మాదే అని పోలీసు అధికారి అన్నాడు. బండ్లు ఎక్కడ పెట్టుకోమంటే అక్కడ పెట్టుకుంటాం, మాకు కాయ దిగితే చాలు అని రైతు పెద్దాయన అన్నాడు. ఫ్యాక్టరీ లోపల ఖాళీ డ్రమ్ములు పేర్చిన స్థలం ఉంది కదా అని హైవే అధికారి గుర్తుచేశాడు. బస్సు స్టాపు మా పని కాదు అన్న అధ్యక్షుడు ఆ డ్రమ్ములను ఈ రాత్రికే తీయిస్తానన్నాడు. బాషా ఒక్కడే మిగిలాడు. మా పొట్ట కొడితే ఆటోలన్నీ తెచ్చి గేటుకు అడ్డం పెడతానన్నాడు. చివరికి సాయంత్రం షిఫ్టు వదిలేటప్పుడు బస్సు లేదు కాబట్టి ఆ ట్రిప్పులు ఆటోలకే అని, మనుషుల లెక్క మించితే బండి సీజు అని తేల్చారు. బాషా తల గోక్కుని ఒప్పుకున్నాడు. బయటికి వచ్చాక, “సగం పోయింది, సగం మిగిలింది. యూనియనంటే అదే కదన్నా” అని కన్నుకొట్టాడు.

ఉత్తర్వు ఆ సాయంత్రమే టైపయింది. దాని పేరు రిక్వెస్టు స్టాపు. అంటే బస్సు అక్కడ ప్రతిసారీ ఆగదు. దిగేవాళ్లుంటే ఆగుతుంది, ఎక్కేవాళ్లు చెయ్యెత్తితే ఆగుతుంది. శనివారం పొద్దున బస్సు మొదటిసారి గేటు ముందు ఆగింది. ఆ నెలాఖరుకు షంషాద్ కట్టు విప్పుకుని, కోసే పని కాకుండా కాయలు ఏరే పనిలో చేరింది.

అందరూ వెళ్లిపోయాక మేడమ్ నన్ను పిలిచింది. “మునిరత్నం, ఆ ఆడవాళ్లకి ఈ ఆలోచన ఎవరిచ్చి ఉంటారు?” అంది.

ప్రవర్తనా నియమావళి అని ఒకటుంది. ప్రభుత్వోద్యోగి ప్రభుత్వం మీదికి జనాన్ని ఉసిగొల్పితే దానికింద మెమో ఇస్తారు, జవాబు నచ్చకపోతే ఇంకా ఇస్తారు. రిటైరయ్యే ముందు ఆ సరదా నాకు వద్దు.

“ఎవరో చదువుకున్నోళ్లయి ఉంటారు మేడమ్” అన్నాను.

మేడమ్ అట్టను మూసి నా చేతికిచ్చింది. “చదువుకున్నవాళ్లయితే నాలుగో అర్జీ ఇప్పించేవాళ్లు” అంది. ఫైలు తెచ్చింది ఎవరని మాత్రం అడగలేదు.

ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నది ఇది. ఎవరి కష్టం పెద్దదో ప్రభుత్వం కొలవలేదు, ఆ కొలత దాని దగ్గర లేదు. ఎవరి కష్టానికి ఎవరి ఫోను మోగుతుందో అది మాత్రం దానికి బాగా వినపడుతుంది. ఫోను ఉన్నవాడు ఫోను చేస్తాడు, రోడ్డు ఉన్నవాడు రోడ్డు మీద కూర్చుంటాడు, ఏదీ లేనివాడు ఆ ఇద్దరి దారికి అడ్డంగా తన కష్టాన్ని పెట్టుకోవాలి. ఇది మంచో చెడో చెప్పేంత చదువు నాకు లేదు. చీటీలు పేర్చినంత కాలం వరుస నా చేతిలో ఉందనుకున్నాను. వరుస బయటే తయారై వచ్చేది, నేను మోసేవాణ్ని.

రిటైరైన మరుసటి మామిడి కాలంలో, బంగారుపాళ్యం పక్కన ఒక స్నేహితుడి తోటకు పోయి, గంపెడు కాయలతో తిరిగి వస్తూ ఆ స్టాపులోనే నిలబడ్డాను. ఇప్పుడు సాయంత్రం కూడా ఒక బస్సు వేశారు, అదీ అక్కడ ఆగుతోంది. షిఫ్టు దిగి చెంగమ్మ, ఇంకో నలుగురూ వచ్చారు. డవాలీ లేకపోయినా గుర్తుపట్టింది. ముప్పై ఏళ్ల అలవాటు, నేను చేతులు వెనక్కి కట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాను. పక్కవాళ్లు వింటున్నారు కదా అని నాకు కాస్త గర్వం వచ్చింది.

“ఏం చెంగమ్మా, ఈ స్టాపు మీకు ఇప్పించింది నేనే కదా. వీళ్లకు చెప్పినావా?” అన్నాను.

ఆమె నన్ను, నా గంపను, నా వెనక కట్టుకున్న చేతులను ఒకసారి చూసింది.

“నీ మాట ఇనింటే ఈపొద్దుకీ నీ బెంచీ మీదనే రసీదులు పెట్టుకోని కూసోనుంటిమి కదన్నా. ముందు ఆ చెయ్యెత్తు, బస్సు వస్తా ఉండాది.”